తాడితోట వెనక రెండు గదుల పోర్షన్: 14 నెలల కాపురం తర్వాత రివ్యూ

ముందే చెప్పేస్తున్నానండి, పోర్షన్ ఖాళీ లేదు, అడ్రసు అడగొద్దు. మిక్సీ కొంటే రివ్యూ రాస్తాం, బిరియాని బాలేకపోతే ఒక్క స్టార్ కొట్టి కసి తీర్చుకుంటాం, నెలనెలా జీతంలో మూడో వంతు మింగేసే అద్దె ఇంటి గురించి మాత్రం ఎవడూ ఒక్క ముక్క రాయడు. నాకు జీతం 19,000, ఇంటికి కట్టేది 6,500. ఇవాళ కొట్టుకి సెలవు, మా ఆవిడ పుట్టింటికెళ్ళింది, అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, కొంచెం పొడుగవుద్ది.

నేను రాజమండ్రి తాడితోటలో చీరల కొట్లో గుమాస్తానండి. హోల్‌సేలూ ఉంది రిటైలూ ఉంది. పొద్దున్న తొమ్మిదిన్నరకి షట్టరెత్తాలి, రాత్రి తొమ్మిదిన్నరకి దించాలి, అది మామూలు రోజుల్లో. శ్రావణ మాసం, పెళ్ళి ముహూర్తాలు, సంక్రాంతి ముందర పది రోజులు అయితే దించే టైము దేవుడికే తెలియాలి, ఆఖరి కస్టమర్ లేచాక పరుపు మీద విప్పి పడేసిన చీరలన్నీ మడతలు పెట్టి ర్యాకుల్లో సర్దితే కానీ కదలడానికి లేదు కదా.

ఇప్పుడు ఇల్లు. పాతకాలం డాబా, కింద ఓనరు మామ్మగారు ఒక్కరే ఉంటారు, పెరట్లో పెంకుటిల్లు రెండు పోర్షన్లు, మేడ మీద నాలుగు. మొత్తం ఆరు కాపురాలు. మాది మేడ మీద మెట్లెక్కగానే మూడోది. ముందు గది, వంటగది, అంతే. ముందు గదిలో డబల్ కాట్ వేస్తే బీరువా తలుపు సగమే తెరుచుకుంటుంది, అందుకని మా పెళ్ళినాటి పందిరిమంచం మా అత్తారింట్లోనే ఉండిపోయింది. బాత్రూము రెండు పోర్షన్లకి కలిపి ఒకటి. పొద్దున్న ఏడూ ఎనిమిదీ మధ్య బకెట్ లైన్లో పెట్టుకోవాలి, పక్క పోర్షన్ కుర్రాడు లోపలికెళ్తే ఫోన్లో పాటలు పెట్టుకుని మరీ స్నానం చేస్తాడు, మూడు పాటలు అయ్యేదాకా మనకి ఛాన్సు లేదు.

నీళ్ళు మున్సిపల్ కొళాయి, వచ్చినంతసేపు బానే వస్తాయి, గోదారి నీళ్ళే కాబట్టి రుచికి వంక లేదు. మోటారు తాళం మామ్మగారి బొడ్లో ఉంటుంది. ట్యాంకు అయిపోతే కిందికెళ్ళి "మామ్మగారూ ఒక్కసారి మోటారండీ" అనాలి, ఆవిడ సీరియల్ మధ్యలో అయితే యాడ్ వచ్చేదాకా ఆగాలి.

కరెంటు యూనిట్‌కి 9 రూపాయలు, సబ్‌మీటర్. మొదట్లో నాకూ ఒళ్ళు మండింది, గవర్నమెంటు చిన్న కాపురాలకి తక్కువ రేటే వేస్తుంటే ఈవిడ 9 ఎందుకు గుంజుతుందీ అని. తర్వాత బిల్లు నాకే చూపించారు. సర్వీసు ఒక్కటే, దాని మీద ఏడు కుటుంబాలు కాలుస్తున్నాయి, యూనిట్లన్నీ కలిసిపోయి స్లాబు పైపైకి ఎక్కేస్తుంది, పేదోడు నాలుగు బల్బులు రెండు ఫ్యాన్లు వేసుకుని ఏసీ వాడేవాడి రేటు కడతాడు. ఎవరికి వాళ్ళకి మీటరు ఉంటే ఈ గోల ఉండదు, కానీ ఆరు మీటర్లకి అప్లై చేస్తే మున్సిపాలిటీ పన్ను ఎక్కడ పెంచుతుందో అని ఓనర్లకి భయం. ఊరి మధ్య పాత ఇళ్ళల్లో అద్దెకున్నోళ్ళందరి కథా దాదాపు ఇదే.

ఎండాకాలం మాత్రం నరకం అండి, దాచేదేం లేదు. మే నెలలో శ్లాబు రాత్రి పదకొండుకి కూడా పెనం లాగే ఉంటుంది. సాయంత్రం పైన నీళ్ళు కొట్టుకుంటే కొంచెం నయం, కానీ అదే డాబా మీద మామ్మగారి మాగాయ ముక్కలు ఎండుతుంటాయి. వాటిని కాకుల్నించి కాయడం, మబ్బు పడితే గబగబా ఎత్తడం, అద్దె అగ్రిమెంటులో రాయని కండిషన్. బదులుగా ఒక జాడీ పంపిస్తారు, అది మాత్రం చెప్పుకోవాలి, మా అమ్మ చేతి మాగాయ తర్వాత అదే.

ఇంకా మైనస్‌లు ఉన్నాయి. గట్టి వాన గంటసేపు పడితే సందులో చీలమండ దాకా నీళ్ళు, డ్రైనేజీ వాటర్ కూడా అందులోనే. తెల్లారగట్ల నాలుగున్నరకి లారీల్లోంచి బేళ్ళు దింపుతారు, ధబ్బుమని ఒక్కొక్కటి పడుతుంటే మంచం కింద భూకంపం. దోమలు సరే. ఇన్ని చెప్పి కూడా ఈ ఇంటికి 5కి 4 ఇస్తున్నానంటే పిచ్చాడనుకుంటారు, అందుకే అంతకుముందు ఉన్న ఇంటి గురించి చెప్పాలి.

అంతకుముందు రెండేళ్ళు ఊరికి 12 కిలోమీటర్లవతల ఉన్నాం. పేరెందుకులెండి. వరి పొలాన్ని గ్రావెల్ తోలి మెరక చేసి కట్టిన అపార్ట్‌మెంటు, నాలుగంతస్తులు. సింగిల్ బెడ్‌రూమ్, అటాచ్డ్ బాత్రూమ్, టైల్స్, బాల్కనీలో నిలబడితే కంటికి ఆనినంత దూరం పచ్చగా చేలు, వెనక పంట కాలవ. అద్దె 3,500, మెయింటెనెన్స్ 500. మొదటి నెల మా ఆవిడ వాళ్ళ అక్కకి వీడియో కాల్ చేసి గదులన్నీ తిప్పి చూపించింది. ఊళ్ళో అయితే ఈ డబ్బుకి కుక్కల కొట్టం కూడా రాదు అన్నాను నేను గొప్పగా, ఆ మాట ఇప్పటికీ నన్ను దెప్పుతుంది.

రెండో నెల నుంచి లెక్కలు మొదలయ్యాయి. రానూ పోనూ 24 కిలోమీటర్లు, నా పాత బండి లీటరుకి 45 ఇస్తుంది, పెట్రోలు 110 లెక్కన రోజుకి 60కి రూపాయి తక్కువ, నెలకి 26 రోజులు అంటే 1,525 చిల్లర. పిల్లాడి స్కూలు ఆటో 1,200. అద్దె 3,500, మెయింటెనెన్స్ 500. కూడండి. 6,725. ఇప్పుడు కడుతోంది 6,500, పిల్లాడు స్కూలుకి నడిచెళ్తున్నాడు, నేను కొట్టుకి నడిచెళ్తున్నా, మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడన్నం తింటున్నా. చవక ఇంట్లో ఉండి ఖరీదైన ఇంటికంటే నెలకి 225 ఎక్కువ కట్టానన్నమాట, అదీ బండి రిపేర్లు కలపకుండా, వానలో తడిసి జ్వరమొచ్చి పోయిన రెండు రోజుల జీతం కలపకుండా.

డబ్బుల సంగతలా ఉంచండి. శ్రావణంలో కొట్టు పదిన్నరకి కట్టేసి బయల్దేరితే మెయిన్ రోడ్డు దిగాక ఆఖరి మూడు కిలోమీటర్లు కాలవ గట్టు, లైట్లు లేవు, కుక్కలు వెంటపడేవి, నేను కాళ్ళు హ్యాండిల్ మీదకెత్తి పోనిచ్చేవాణ్ణి. ఇంటికెళ్ళేసరికి పిల్లాడు నిద్రపోయి ఉండేవాడు, పొద్దున్న వాడు లేచేసరికి నేను బయల్దేరే హడావిడి. స్కూల్లో టీచరు మీ నాన్నగారు ఏం చేస్తారు అంటే "మా నాన్న రాజమండ్రిలో ఉంటారండి, ఆదివారం వస్తారు" అన్నాడంట. ఆవిడ పాపం మా ఆవిడని ఫోన్లో పరామర్శించినట్టు మాట్లాడింది.

అసలు నష్టం ఇది కూడా కాదండి, మా ఆవిడ పని. తను చీరలకి ఫాల్స్ కుడుతుంది, పీకో మెషిను మీద వేరేవాళ్ళు చేస్తారు, చేత్తో ఫాల్ కుట్టడం, కుచ్చులు వేయడం తన పని. చీరకి 40 ఇస్తారు. పెళ్ళైన కొత్తలో ఊళ్ళో ఉన్నప్పుడు రోజుకి నాలుగైదు చేసేది. ఆ అపార్ట్‌మెంటుకి వెళ్ళాక నేను వారానికి రెండుసార్లు సంచిలో పట్టుకెళ్ళి పట్టుకొచ్చేవాణ్ణి, ఒకసారి వానకి పట్టుచీర తడిసి రంగు దిగింది, షావుకారు గారు ఏమీ అనలేదు కానీ ఆ తర్వాత చీరలివ్వడం తగ్గించేశారు. అక్కడికి వచ్చి చీర ఇచ్చేవాళ్ళెవరు, చుట్టూ ఉన్నది మాలాంటి ఖాళీ జేబులే.

ఇక్కడికొచ్చాక ఏమైందో ఒక్క రోజుది చెప్తాను. మొన్న ఆషాఢం సేల్‌లో ఒకాయన అమలాపురం నుంచి కుటుంబంతో వచ్చారు, కూతురికి చీర, సాయంత్రం ఏడుకి సెలెక్ట్ అయింది. తెల్లారి తొమ్మిదికి ఫంక్షను, ఆ రాత్రి తొమ్మిదింటి బస్సుకి వెళ్ళిపోవాలి, ఫాల్ లేకుండా పిల్ల ఎలా కడుతుందండీ అని ఆయన భార్య చీర తిరిగిచ్చేయబోయింది. ఏడున్నర వేల చీర. నేను కొట్లో కుర్రాడికి ఇచ్చి పరిగెత్తు అన్నా. వాడు ఇంటికి నాలుగు నిమిషాల్లో చేరాడు. మా ఆవిడ పొయ్యి మీద పప్పు దింపేసి, చేతులు కడుక్కుని, తెల్లటి దుప్పటి పరిచి చీర అంచు నేల మీద సాగదీసుకుని కూర్చుంది, దారం రంగు కలవకపోతే కింద పోర్షన్ ఆవిడ దగ్గర అడిగి తెప్పించింది, ఎనిమిదింబావుకి చీర కొట్లో ఉంది. అర్జెంటని 60 ఇచ్చారు. అమలాపురం ఆవిడ ఇంకో రెండు చీరలు తీసుకుంది. ఊరి మధ్య ఇల్లుండటం అంటే నా మట్టుకు నాకు ఆ నాలుగు నిమిషాలే. నెలకి తన చేతికి 4,000కి తగ్గకుండా వస్తోంది ఇప్పుడు, అద్దెలో సగం పైన తనే కడుతోంది, గొంతు కూడా పెరిగిందనుకోండి.

మా డాబాలో మిగతా వాళ్ళని చూడండి. పెరటి పోర్షన్లో ఒకాయన టిఫిన్ హోటల్లో మాస్టరు, మూడున్నరకి లేచి వెళ్ళి పొయ్యిలు వెలిగించాలి, ఐదింటికల్లా బస్సు దిగినోళ్ళకి ఇడ్లీ పడాలి. దాని పక్క పోర్షన్ ఆవిడ పూలమ్ముతుంది, తెల్లారకుండా కడియపులంక పూల మార్కెట్‌కి వెళ్ళి బుట్ట నింపుకొచ్చి దేవీచౌక్ దగ్గర కూర్చుంటుంది. మా ఎదురు పోర్షన్ అమ్మాయి ఆస్పత్రిలో నర్సు, వారం నైట్ డ్యూటీ, రాత్రి తొమ్మిదికి వెళ్ళాలి పొద్దున్న ఎనిమిదికి రావాలి. పాటలు పెట్టుకుని స్నానం చేసే కుర్రాడు బంగారం షాపులో సేల్స్. వీళ్ళందరినీ తీసుకెళ్ళి 12 కిలోమీటర్లవతల గాలి వెలుతురు ఉన్న ఇళ్ళల్లో పెట్టండి, మరి ఐదింటికి ఇడ్లీ ఎవరు వేస్తారండీ, రాత్రి రెండింటికి సెలైన్ బాటిల్ ఎవరు మారుస్తారు. ఊరి మధ్యలో పేదోళ్ళకి ఇల్లు అంటే అదేదో దానధర్మం లాగ మాట్లాడతారు జనం. ఊరికి మేము అవసరమండి, మేడల్లో ఉన్నోళ్ళకంటే మేమే టైముకి ఉండాలి.

గవర్నమెంటు కట్టిన ఇళ్ళున్నాయి కదా అంటారు. ఉన్నాయి, టిడ్కో ఇళ్ళు, జి ప్లస్ 3, 300, 365, 430 చదరపడుగులు మూడు రకాలు. ఇటుకలు లేకుండా షియర్ వాల్ పద్ధతిలో, అంటే అల్యూమినియం చట్రాలు బిగించి గోడ శ్లాబు అంతా కాంక్రీటుతోనే పోసేస్తారు, మేకు కొట్టాలంటే డ్రిల్లు కావాలి అంత గట్టివి. ఇల్లు బాలేదని నేను అనను. ఎక్కడ కడతారు అన్నదే నా పేచీ. 2015లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఇలాంటి అపార్ట్‌మెంటు ఇంటికి కేంద్రం ఇచ్చేది ఇల్లొక్కింటికి లక్షన్నర, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నోళ్ళకి. ఆ లక్షన్నర ఊరి నడిబొడ్డున కట్టినా అంతే, చెరువు గట్టవతల కట్టినా అంతే. మరి ఎవరైనా ఎక్కడ కడతారండీ, నేల ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడే. నేల ఎందుకు చవక, అక్కడ పని లేదు కాబట్టి, బస్సు లేదు కాబట్టి. చవక నేల మీద చవక ఇల్లు కట్టి మనకిస్తే, మిగతా ఖర్చంతా మన పెట్రోలు ట్యాంకులోంచి మనమే రోజుకి 60 చొప్పున వాయిదాల్లో కడతాం. దానికి సబ్సిడీ ఎవడూ ఇవ్వడు.

హైదరాబాదులో ఇదే కథ రెండు రకాలుగా జరిగింది. కొల్లూరులో ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర ఒకే చోట 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళు కట్టి 2023 జూన్‌లో ఓపెన్ చేశారు, ఒక్కో ఇల్లు 560 చదరపడుగులు. అదే సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో, ఊరి మధ్యనే, పాత ఇళ్ళు తీసేసి ఉన్న చోటే 396 ఇళ్ళు కట్టి 2015లో ఇచ్చారు. అంకె చూస్తే మొదటిది గొప్పగా ఉంటుంది. కానీ రెండోదాంట్లో పాచిపనికెళ్ళే ఆవిడ మర్నాడు అదే ఇంటికి అదే టైముకి పనికెళ్ళగలదు. నన్నడిగితే 396కే ఎక్కువ స్టార్లు.

మా పెద్దమ్మ కొడుకు, నాకు తమ్ముడి వరస, సింగపూర్‌లో ఉంటాడు. వాడు అద్దెకుండేది కూడా గవర్నమెంటు కట్టిన అపార్ట్‌మెంటులో ఒక గదే. అక్కడ హెచ్‌డీబీ అని ఇళ్ళు కట్టే గవర్నమెంటు బోర్డు 1960లో పెట్టారు, ఇప్పుడు ఆ దేశపోళ్ళలో వందకి 80 మంది దాకా అది కట్టిన ఇళ్ళల్లోనే ఉంటారు, గవర్నమెంటు ఇల్లంటే చిన్నతనం అనేదే లేదు. ఊరి మధ్యలో ఆఫీసుల పక్కనే డక్స్‌టన్ అనే చోట 50 అంతస్తులవి ఏడు టవర్లు, 1,848 ఇళ్ళు, 2009లో అయిపోయాయి. వాడు వీడియోలో చూపిస్తే మా ఆవిడ "అన్ని మెట్లు ఎవరెక్కుతారు" అంది, లిఫ్టులుంటాయే అన్నాడు, "కరెంటు పోతే?" అంది. మనకి మన అనుభవాలు కదా. వాళ్ళ కిటుకు ఏంటంటే ఇల్లు 99 ఏళ్ళ లీజుకి అమ్ముతారు, కింద నేల మాత్రం గవర్నమెంటుదే. నేల కోసం 1966లో చట్టం చేసి చవగ్గా తీసుకున్నారు, అది మన దగ్గర అయ్యే పనేం కాదు, రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. కానీ నేల వేరు ఇల్లు వేరు అన్న ముక్క మాత్రం నాకు బాగా పట్టింది.

ఎందుకంటే లెక్క వేశానండి, గుమాస్తా బుర్ర కదా. మా సందులో గజం లక్ష పలుకుతోందని ఓనరు గారబ్బాయి అన్నాడు. 300 చదరపడుగుల ఇల్లంటే 33 గజాలు, నాలుగంతస్తులేస్తే ఇంటికి ఎనిమిది గజాల చిల్లర, మెట్లకీ గాలికీ వదిలింది కలిపి 12 గజాలు అనుకోండి. అంటే నేల 12 లక్షలు. కట్టుబడి అడుగుకి 2,000 వేసుకున్నా 6 లక్షలు. కట్టుబడి ఖర్చు ఇక్కడైనా కాలవ గట్టు మీదైనా అంతే, మేస్త్రీ కూలి మారదు, సిమెంటు బస్తా రేటు మారదు. ఇంటిని కొనలేకుండా చేస్తోంది ఆ నేల 12 లక్షలే. ఆ నేల గవర్నమెంటుదో మున్సిపాలిటీదో అయి ఉండి, నేల అమ్మకుండా ఇల్లు మాత్రం ఇస్తే, 6 లక్షలకి ఎనిమిదిన్నర వడ్డీ, 20 ఏళ్ళు, నెలకి 5,200. నేను ఇప్పుడు కడుతున్న అద్దె కంటే 1,300 తక్కువ, నా బాత్రూము నాకు, నా మీటరు నాకు. సొంతానికి ఇవ్వకపోయినా పర్లేదు, ఆ 5,200 అద్దెగానే తీసుకోమనండి, సంతోషంగా కడతాం.

ఊరి మధ్య గవర్నమెంటు నేల ఎక్కడుంది అంటారా. ప్రతి ఊళ్ళోనూ నడిబొడ్డున పాత ఆఫీసులు, కూలిపోయిన క్వార్టర్లు, ఒక్క అంతస్తుతో ఆగిపోయిన మార్కెట్ కాంప్లెక్సులు కనబడుతూనే ఉంటాయి. కింద కొట్లు పెట్టి పైన గదులు వేస్తే తప్పేముందండి, మన పెద్దోళ్ళు చేసింది అదే కదా, కింద దుకాణం పైన కాపురం. రైల్వే వాళ్ళు స్టేషన్ల పక్కనే క్వార్టర్లు కట్టింది కూడా అందుకే, డ్యూటీకి పిలిస్తే వచ్చేయాలని. మా తాత రైసు మిల్లులో పనిచేస్తే మిల్లు వెనకే లైను ఇళ్ళు ఇచ్చారు. పనోడు పని పక్కనుండాలన్న సంగతి అప్పటి షావుకార్లకి తెలుసు, అదేం జాలితో చేసింది కాదు.

ఇంకో మాట, మా కొట్లో సీనియర్ గుమాస్తా గారు అంటారు, ఇవన్నీ ఎందుకు, అద్దె పెంచకూడదని ఒక చట్టం చేసేస్తే సరిపోతుంది కదా అని. బొంబాయిలో చేశారండి అది. 1947 చట్టంతో అద్దెల్ని 1940 నాటి లెవెల్లో బిగించేశారు, ఏళ్ళు గడిచేసరికి ఆ అద్దె టీ ఖర్చుకి కూడా రాక ఓనర్లు రిపేర్లు మానేశారు, మెట్లు ఊగుతున్నా పట్టించుకునేవాడు లేడు, ఖాళీ చేసేవాడు పగిడీ అని చాటున డబ్బు పుచ్చుకుని చేతులు మార్చేవాడు. ఉన్నోడికి బానే ఉంది, కొత్తగా ఊళ్ళోకి వచ్చినోడికి గది పుట్టలేదు. మా మామ్మగారినే తీసుకోండి, ఆరు పోర్షన్ల అద్దె మీదే ఆవిడ బతుకు, బీపీ మాత్రలు ఆ డబ్బుతోనే. అద్దె బిగిస్తే ఆవిడ శ్లాబు కారినా పట్టించుకోదు, పట్టించుకోలేదు కూడా. బిగించడం కంటే గదులు పెరగడం ముఖ్యం. ఊరి మధ్యలో, చిన్నవి, ఎక్కువ. అప్పుడు నాకు మామ్మగారు కాకపోతే ఇంకో పిన్నిగారు, ఆవిడ మోటారు తాళం గోడకి తగిలిస్తుందేమో.

అడ్వాన్స్ గురించి మర్చిపోయాను. ఇక్కడ మూడు నెలలది పుచ్చుకున్నారు, 19,500. సరిగ్గా నా నెల జీతం కంటే 500 ఎక్కువ, చిట్టీ పాడి తెచ్చాను, అందులో 1,500 పాటలోనే పోయింది. 2021లో కేంద్రం తెచ్చిన మోడల్ అద్దె చట్టంలో కాపురాలకి రెండు నెలలకి మించి అడ్వాన్స్ తీసుకోకూడదని ఉంది, అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు సొంతంగా చేసుకోవాలి. సందుల్లో మాత్రం టు-లెట్ బోర్డు ఎవరు కడితే చట్టం వాళ్ళదే. మాకు అగ్రిమెంటు కూడా 11 నెలలకి స్టాంపు పేపరు మీద ఒకసారి రాశారు, అయిపోయి మూడు నెలలైంది, మళ్ళీ రాయలేదు. ఎందుకు రాయలేదో ఈ మధ్యే అర్థమైంది.

మామ్మగారి అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. డాబా డెవలప్‌మెంటుకి ఇద్దామని చూస్తున్నాడు, సగం సగం మాట్లాడుకున్నారంట బిల్డరుతో, జి ప్లస్ 5, కింద పార్కింగ్, పైన ఫ్లోరుకి రెండు, త్రీ బెడ్‌రూములు. తప్పు పట్టను, ఆస్తి వాళ్ళది, నేనైనా అదే చేస్తానేమో. పది ఫ్లాట్లు వస్తాయి, ఇప్పుడు ఏడు కుటుంబాలు ఉన్న చోట. ఇళ్ళు పెరుగుతాయి, అది మంచిదే. కాకపోతే ఆ పదిలో ఒక్కటి కూడా ఇడ్లీ మాస్టారికి అందేది కాదు, పూలావిడకి అందేది కాదు. ఆ పై అంతస్తులో రెండు ఫ్లాట్ల బదులు రెండు గదులవి ఆరు వేయించుకుని అద్దెకిచ్చుకోండి, నెలనెలా డబ్బులొస్తాయి అని మామ్మగారితో అన్నాను. "నాదేముంది బాబూ, వాడిష్టం" అన్నారు. నేను ఇలా అడిగానని వాడికి చెప్పొద్దన్నారు కూడా.

అందుకే ఒక స్టార్ తగ్గించాను. దోమలకీ కాదు, బాత్రూముకీ కాదు.

మొన్న గురువారం బిల్డరు తాలూకు కుర్రాడు టేపు పట్టుకుని వచ్చాడు, పోర్షన్లన్నీ కొలుస్తున్నాడు. మా గదిలోకి వచ్చేసరికి మా ఆవిడ నేల మీద చీర పరుచుకుని ఫాల్ సగంలో ఉంది. "ఒక్క నిమిషం జరగండి అక్కా" అన్నాడు. తను జరగలేదు, అంచు దాకా కుట్టి, దారం పళ్ళతో తెంపి, అప్పుడు లేచింది. వాడు గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా టేపు లాగి పదకొండడుగుల నాలుగు అంగుళాలు అని రాసుకున్నాడు. "పదకొండు రెండే" అంది మా ఆవిడ, "మంచం కోసం మేము కొలిచాం." వాడు మళ్ళీ కొలిచాడు. పదకొండు రెండే.